స్ప్రింగును తప్పుపట్టే ముందు

సంపాదకులకు,

రివాల్వర్ ట్రిగ్గర్ లాగితే తూటా పేలకుండా ‘టిక్’మని ఊరుకుందంటే చాలామంది వెంటనే మెయిన్ స్ప్రింగునే (హ్యామర్‌కు, అంటే తూటాను పేల్చే సుత్తికి, బలమిచ్చే స్ప్రింగును) అనుమానిస్తారు. అంతకంటే ముందు చేయాల్సింది, గొట్టాన్ని సురక్షిత దిశలోనే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగడం. తూటా ఆలస్యంగా పేలవచ్చు.

తర్వాత ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) మీద దెబ్బకు పడిన గుంటను చూడాలి. గుంట లోతుగానే ఉంటే లోపం చాలావరకు తూటాది. లోతు తక్కువగా ఉండి, రెండో దెబ్బకు పేలితే, ప్రైమర్ పూర్తిగా కూర్చోక పైకి ఉండి ఉండవచ్చు. అప్పుడు మొదటి దెబ్బ బలం దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతుంది. చేత్తో నింపిన తూటాల్లో ఇది మామూలే. సింగిల్ యాక్షన్‌లో (హ్యామర్‌ను ముందే చేత్తో వెనక్కి లాగి కాల్చినప్పుడు) పేలి, డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ లాగుడుతోనే హ్యామర్ వెనక్కి వెళ్లి పడేటప్పుడు) మొరాయిస్తే హ్యామర్ బలం చాలడం లేదన్నమాట, ఎందుకంటే డబుల్ యాక్షన్‌లో హ్యామర్ వెనక్కి వెళ్లే దూరం తక్కువ.

చాలా స్మిత్ అండ్ వెసన్ మోడళ్లలో పిడి ముందు అంచున మెయిన్ స్ప్రింగును బిగువుగా ఉంచే స్ట్రెయిన్ స్క్రూ ఉంటుంది. తేలిగ్గా లాగే ట్రిగ్గర్ కావాలన్న మోజుతో దాన్ని వదులు చేసేవాళ్లు, అరగదీసేవాళ్లు కొందరు. వదులైతే పూర్తిగా బిగించాలి. అరగదీసి ఉంటే మార్చాల్సిందే. హ్యామర్ దారిలో గట్టిపడిన నూనె, అరిగిన ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను కొట్టే మొన), తూటాలుండే సిలిండర్ ముందుకూ వెనక్కీ వదులుగా కదలడం కూడా కారణాలే.

స్క్రూడ్రైవర్ పట్టేముందు తూటాలన్నీ తీసేయాలి. మన దేశంలో ఆయుధాల మరమ్మతు వ్యాపారానికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. పని అలాంటి చోటే ఇవ్వాలి.

– ఒక పాఠకుడు