చేతులు జాగ్రత్త అమ్మలూ

అమ్మలూ,

ఎలా ఉన్నావ్, తిన్నావా. ఫోన్లో అయితే నువ్వు సరే నాన్నా సరే నాన్నా అనేసి పెట్టేస్తావు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. పెద్దగానే ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు మొత్తం చదువు.

అమ్మ చెప్పింది. సాయంత్రాలు ఆ క్యాటరింగ్ వాళ్ళ దగ్గరికి వెళ్తున్నావని, వడ్డన అని చెప్పి తీసుకుని ఇప్పుడు ట్రేలు, గిన్నెలు కూడా కడిగిస్తున్నారని. నాన్నకి చెప్పకు అన్నావట. దాన్ని ఏమీ అనకు, రాత్రంతా అటూ ఇటూ దొర్లుతుంటే ఏటైంది ఏటైంది అని నేనే గుచ్చి గుచ్చి అడిగాను. అయినా అది చెప్పకముందే నాకు అనుమానం వచ్చింది. పండక్కి వచ్చినప్పుడు అరిసెలు వత్తుతూ కూర్చున్నావు కదా, నీ ఎడం చెయ్యి చూశాను. చూపుడు వేలు, మధ్య వేలు కొసల్లో వయొలిన్ తీగ గాడి పడి గట్టిగా ఉండే చోట తోలు తెల్లగా నాని పొరలు పొరలుగా లేచి ఉంది. చిన్నప్పుడు ఆ గాడి పడేదాకా ఎంత ఏడ్చావో నాకు గుర్తుంది, వేళ్ళు మండుతున్నాయి నాన్నా అని నా దగ్గరికి వస్తే కొబ్బరినూనె రాసేవాణ్ణి. నా కుడిచెయ్యి బొటనవేలి కింద కాయ నీకు తెలుసు, బస్సులో టికెట్ పంచ్ నొక్కీ నొక్కీ కాసింది, మిషన్లు వచ్చి ఇన్నేళ్ళైనా ఇంకా పోలేదు. పని చేసే చెయ్యి చూస్తే ఏ పని చేస్తోందో నాకు తెలిసిపోతుంది అమ్మలూ. నీ చెయ్యి సబ్బు నీళ్ళలో గంటలు గంటలు ఉంటోంది.

ఒకటి ముందే చెప్పేస్తా, నువ్వు పని చేస్తున్నందుకు నాకు ఏ బాధా లేదు. చెన్నైలో డిసెంబర్ కచేరీల సీజన్లో మధ్యాహ్నం ఆ సంగీత సభలో పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద పక్కవాద్యం వాయించి, సాయంత్రం అదే ఆవరణలో క్యాంటీన్ కౌంటర్లో కూర్చుని టోకెన్లు చింపి ఇచ్చావని విని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. ఈ ఇల్లు టికెట్లు చింపిన డబ్బుతోనే నిలబడింది, నీ మొదటి వయొలిన్ కూడా ఆ డబ్బుతోనే కొన్నాం. నీ కచేరీకి వచ్చిన మామి ఒకావిడ కౌంటర్లో నిన్ను గుర్తుపట్టి మొహం అదోలా పెట్టిందని చెప్పావు కదా, పెట్టుకోనీ. మధ్యాహ్నం నువ్వు వాయించిన మోహన రాగం ఆవిడ చెవిలోంచి ఎక్కడికీ పోదు.

మన ఊరి సంగతే చూడు. ఘంటసాల గారు విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తిన్నారు, మన వీధుల్లోనే. ఆ తర్వాత మద్రాసు వెళ్ళిన కొత్తలో పానగల్ పార్కులో పడుకున్నారని ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. నువ్వు టీ నగర్ వెళ్ళినప్పుడల్లా ఆ పార్కు పక్కనుంచే బస్సు దిగుతావు. ఇక వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి నీకు నేను చెప్పక్కర్లేదు, 1919లో మన ఊళ్ళో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వస్తే వాయించింది విని అక్కడి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు ఏకంగా ప్రొఫెసర్ని చేసేశారు. చూపు సరిగ్గా లేని మనిషి, చెవి మీదా వేళ్ళ మీదా నమ్మకంతో బతికారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆ కళాశాల మెట్లు ఎక్కి దిగిన పిల్లవి నువ్వు. ఏ పనైనా చెయ్యి, కానీ ఆ వేళ్ళు పాడయ్యే పని మాత్రం వద్దు. నేను చెప్పేది ఇదొక్కటే.

క్యాటరింగ్ మానెయ్. ఈ నెల లెక్క చూసుకుని డబ్బులు చేతిలో పడ్డాక మానెయ్, మధ్యలో మానేస్తే ఎగ్గొడతారు. దాని వల్ల వేళ్ళే కాదు, నిద్ర కూడా పోతోంది, నిద్ర పోతే సాధన పోతోంది, నేను ఆ లెక్క వేసి చూశాను. అమెరికా పిల్లలకి ఆన్‌లైన్ క్లాసు వాళ్ళ రాత్రి ఎనిమిదింటికి, అంటే నీకు తెల్లవారి అయిదున్నర, అది అయ్యాక ఎనిమిదింటికి హాస్టల్ డైనింగ్ హాల్లో టిఫిన్ బల్లలు వేసేదాకా గంటన్నర నీ సాధన, మొన్న దసరా దాకా అంతా బానే నడిచింది. నవంబర్లో వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు, నీ క్లాసు ఆరున్నరకి జరిగింది, క్లాసు అయ్యేసరికే హాల్లోకి జనం వచ్చేస్తున్నారు. మరి క్లాసుకి ముందు సాధన చేసుకోవాలంటే నాలుగున్నరకి లేవాలి, రాత్రి పదకొండున్నరకి కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి పడుకున్న పిల్ల నాలుగున్నరకి ఎలా లేస్తుంది? మార్చిలో వాళ్ళ గడియారం మళ్ళీ ముందుకి వస్తుంది అంటావు, రెండు నెలలు సాధన లేకపోతే ఏమవుతుందో నీకంటే బాగా ఎవరికి తెలుసు. ఆ పిల్లల అమ్మానాన్నల్ని అడుగు, ఏడింటికి పెట్టుకోమని. మంచివాళ్ళే అన్నావు కదా, ఒప్పుకుంటారు.

వేళచ్చేరి అపార్ట్‌మెంట్లో పిల్లల క్లాసులు మాత్రం వదలకు. తిరుమయిలైలో రైలెక్కితే నేరుగా వేళచ్చేరి, నిలబడినా ఇరుక్కున్నా వయొలిన్ పెట్టె ఒళ్ళోకో గుండెలకో పట్టుకో, పై రాక్ మీద పెట్టకు. బస్సు అయితే డబ్బులు లేవు కదా ఆడవాళ్ళకి, అక్కడ 2021 నుంచీ ఉంది, మన దగ్గర 2025 ఆగస్టు 15న మొదలెట్టారు. మా డిపోలో కుర్ర కండక్టర్లు ఒకటే గోల, బస్సు నిండా జీరో టికెట్లే బాబాయ్ అని. నాకైతే సంతోషంగానే ఉంది, పనికి వెళ్ళే ఆడపిల్లకి రోజుకి ముప్పై నలభై మిగిలితే అది చిన్న డబ్బు కాదు.

ఆ పెళ్ళి రిసెప్షన్ బ్యాండ్ సంగతి. సముద్రం పక్కన ఈసీఆర్ రోడ్డు మీద రిసార్ట్‌లో మూడు గంటలు నిలబడి సినిమా పాటలు వాయించావు, ఇదిగో అదిగో అని ఆ ఈవెంట్ మనిషి ఇంతవరకూ ఇవ్వలేదు. గొడవ పడకు, రోజూ ఒక మెసేజ్ పెట్టు, మర్యాదగానే పెట్టు, తేదీ, చోటు, ఒప్పుకున్న డబ్బు మూడూ రాసి పెట్టు. ఇకమీదట ఎవరు పిలిచినా సగం ముందు అకౌంట్లో పడితేనే పెట్టె తియ్యి. రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఒక్కదానివీ క్యాబ్ ఎక్కొద్దు, కీబోర్డు వాయించే ఆ అక్కతోనే రా. సినిమా పాటలు వాయిస్తే చెయ్యి పాడవుతుందని మీ గురువుగారు అంటారట గానీ, నేను ఆ మాట ఒప్పుకోను. ఒకప్పుడు వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లో ఒక్క పాటకి పదుల కొద్దీ వయొలిన్లు కూర్చునేవి, వాళ్ళలో చాలామంది కర్ణాటక సంగీతం వాళ్ళే. ఇప్పుడు ఆ పని చాలావరకు కీబోర్డు చేసేస్తోంది కాబట్టి నీలాంటి పిల్లలకి ఆ అన్నం లేకుండా పోయింది, అది మీ తప్పు కాదు.

ఇక నేను కనుక్కున్నవి రెండు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ అని ఒకటుంది, 18 నుంచి 25 ఏళ్ళ లోపు వాళ్ళకి, నెలకి 5000 రూపాయలు, రెండేళ్ళు ఇస్తారు, గురువు దగ్గర కనీసం అయిదేళ్ళు నేర్చుకుని ఉండాలి. నీకు 23 వచ్చాయి, ఇంకా టైముంది గానీ ఎక్కువ లేదు. నోటిఫికేషన్ ఎప్పుడు పడినా చేతిలో ఉండేలా మీ గురువుగారి దగ్గర సర్టిఫికెట్ ఇప్పుడే రాయించుకుని పెట్టుకో, ఇక్కడ కళాశాల డిప్లొమా నేను స్కాన్ తీయించి పంపిస్తా. రెండోది ఆకాశవాణి ఆడిషన్. మెరీనా పక్కనే, మీ హాస్టల్ నుంచి నడిచి వెళ్ళే దూరం, లోపలికి వెళ్ళి అప్లికేషన్ ఎప్పుడిస్తారో కనుక్కో. బి గ్రేడ్ వచ్చినా చాలు, డబ్బు కొంచెమే కావచ్చు, కానీ పేరు పక్కన గ్రేడెడ్ ఆర్టిస్ట్ అని రాసుకుంటే సభల వాళ్ళు మాట్లాడే తీరు మారుతుంది. నువ్వే చెప్పావు కదా, కచేరీ అడిగితే ముందు స్పాన్సర్ ఉన్నారా అని అడుగుతున్నారని. ఆ ప్రశ్న నా కూతుర్ని అడిగారంటే నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

క్యాటరింగ్ మానేస్తే తగ్గే డబ్బు నేను చూసుకుంటా. నెలకి నాలుగు వేలు ఒకటో తారీఖున వేస్తా. నీ పెన్షన్ ఎంత నాన్నా అని మొదలెట్టకు, బట్టల షాపులో క్యాష్ దగ్గర కూర్చుంటున్నాను కదా, ఫ్యాన్ కింద కూర్చునే పని, ఒళ్ళు అలిసేది లేదు. అమ్మ ఒప్పుకుంది, నిజానికి మొదట అన్నది అదే.

మధ్యాహ్నం కార్పొరేషన్ వాళ్ళు నడిపే 'అమ్మ క్యాంటీన్'లో సాంబారన్నం అయిదు రూపాయలే కదా అని రోజూ దానితోనే సరిపెట్టకు, సాయంత్రం ఒక గుడ్డో పాలో ఏదో ఒకటి తీసుకో. వేళ్ళకి రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె రాయి, పొరలు లేచిన చోట గిల్లకు. రెండు మూడు రోజులు చిన్న సాధనే చెయ్యి, పై స్థాయిలో గమకాలు గట్టిగా లాగకు, తోలు కట్టుకున్నాక మామూలుగా చేసుకోవచ్చు. సముద్రపు గాలికి తీగలు తుప్పు పడుతున్నాయి అన్నావు, వాయించాక పొడి గుడ్డతో తుడిచి పెట్టెయ్, డబ్బులు వేస్తున్నాను కొత్త సెట్టు కొనుక్కో, పాతవి రెండు పనికొచ్చేవి ఉంచుకో.

మీ పెదనాన్న కొడుకు బుధవారం హౌరా మెయిల్‌కి వస్తున్నాడు. వాడితో ఆవకాయ, నువ్వుండలు, నీ పాత శాలువా పంపుతున్నాం. పొద్దున్నే సెంట్రల్‌లో దిగుతాడు, నీ క్లాసు అయ్యాకే వెళ్ళి తీసుకో, వాడు ఆగుతాడు, నేను చెప్పాను. క్యాటరింగ్ వాళ్ళకి ఎప్పుడు చెప్తున్నావో ఆ తేదీ నాకు మెసేజ్ పెట్టు.

మీ నాన్న