మంత్రి గారూ, చెట్టు మొదట్లో మీటరు మట్టి వదలమనండి

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి వానాకాలం వచ్చిందంటే మా వరంగల్, హన్మకొండల్లో మొక్కలు పంచుతూనే ఉన్నారు. మంచిదే. నేను మాత్రం ఉన్న చెట్ల గురించి రాస్తున్నాను.

కాలనీలో సీసీ రోడ్డు పడితే సిమెంటును వేపచెట్టు బెరడుకు తగిలేదాకా పోసి పోతారు. చెట్టుకు నీళ్లు, గాలి అందించే సన్నటి వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే, అడుగు రెండడుగుల లోతులోనే ఉంటాయి. వాన నీరు వాటికి దక్కకుండా మోరీలోకి పోతుంది. ఆ తర్వాత అదే మోరీ కోసం జేసీబీ వచ్చి ఒకవైపు వేళ్లు తెంపుతుంది. ఎండాకాలం గాలిదుమారానికి ఆ చెట్టు కరెంటు తీగల మీద పడితే, ముసలి చెట్టు, ముందే కొట్టేయాల్సిందని అందరం అంటాం.

చెట్టు నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. సిమెంటు పోసి చంపడానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు! 2021లో తెగులు సోకి రాష్ట్రమంతా వేపలు మాడిపోతే, ఇక పోయినట్టే అనుకున్నాం. చాలావరకు మళ్లీ చిగురించాయి. అంత మొండి చెట్టుకు కూడా వేరు ఆడే మట్టి ఉండాలి కదా.

దసరా నాడు పాలపిట్ట కోసం పొలాల వెంట తిరుగుతాం. పంజరంలో పెట్టి చూపించి పైసలడిగేవాళ్లూ ఉన్నారు, నేరమని తెలిసి కూడా. మన రాష్ట్ర పక్షి గూడు పెట్టేది చెట్టు తొర్రలో. రామచిలుకలూ అంతే. ఈ ఏడు నాటిన మొక్కకు తొర్ర పడేసరికి మన పిల్లలకు మనవలు పుడతారు.

ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన దగ్గర ఆ మీటరును రోడ్డు అంచనాల్లోనే రాయించండి. వదలకుండా పోసిన కాంట్రాక్టరుకు బిల్లు ఆపించండి. రోడ్డు మున్సిపల్ శాఖది అంటారేమో, చెట్టు మీదే కదా.

ఇప్పటికే పోసిన చోట వానలు పడేలోపే పగలగొట్టించండి. గడ్డపారతోనే, జేసీబీ వద్దు.

ఇట్లు,
హన్మకొండ వాసి