దారం ఎక్కడ తెగుతోందో ముందు చూడు

కార్క్, ఐర్లాండ్
2026 ఫిబ్రవరి 1, ఆదివారం

తమ్ముడూ,

లాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వెయ్యబోతే మధ్యలో ఆగిపోతోందని నిన్న చెప్పావు కదా. నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక అమ్మ మళ్లీ చేసింది. "ఏటమ్మా, గుంటడు రెండ్రోజులై సరిగ్గా అన్నం తిన్లేదు, ఆ డబ్బా ముందే కూకున్నాడు" అంది. నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో నేను హడావుడిగా ఏవేవో చెప్పాను, నువ్వు సగం రాసుకున్నావు, మధ్యలో నెట్ పోయింది. అందుకే పొద్దున్నే టీ పెట్టుకుని కూర్చుని వివరంగా రాస్తున్నాను. దీన్ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని పక్కన పెట్టుకో.

ముందు ఒక్క మాట. ఇది చివరిదాకా చదివేవరకు ఆ లాప్‌టాప్‌లో ఇంకోసారి ఇన్‌స్టాల్ మొదలుపెట్టకు. ఆ రిపేరు షాపుకి అసలు తీసుకెళ్లకు.

షాపతను డిస్క్‌ని ఎంబీఆర్‌కి, అంటే డిస్క్‌ని భాగాలుగా పంచే పాత పద్ధతికి, మార్చాలి అంటే నువ్వు ఆపి, లాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకున్నావు. ఎంత మంచి పని చేశావో నీకు తెలియదు. అతను బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి, వెళ్లి లాప్‌టాప్‌ని లేపే కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ తీసేసి పాతదైన లెగసీ పెట్టాడు. అది పెట్టగానే 'ఈ డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉంది, ఇందులో విండోస్ పెట్టలేం' అని మెసేజ్ వచ్చింది. రాకేం చేస్తుంది? జీపీటీ అంటే డిస్క్‌ని పంచే కొత్త పద్ధతి, విండోస్‌కి అది యూఈఎఫ్ఐతోనే కుదురుతుంది. మన లాప్‌టాప్ 2019లో కొన్నప్పటి నుంచి జీపీటీ డిస్క్‌తో, యూఈఎఫ్ఐలోనే నడుస్తోంది. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని అలాగే ఉంచితే పొసగదు. దానికి మందు బయోస్‌ని మళ్లీ యూఈఎఫ్ఐకి తేవడమే. అక్కడ ఎంబీఆర్‌కి మార్చాలంటే డిస్క్ మొత్తం తుడిచెయ్యాలి. నువ్వు ఏడాది పాటు తీసిన వీడియోలు అందులోనే ఉన్నాయి కదరా. అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకడం, వీధి చివర మామ్మ వణికే చేతుల్తో కూడా వంద కౌంటు సన్న దారం తియ్యడం, మగ్గం దగ్గర బాబాయి మాటలు. ఫోన్లో చోటు చాలక అక్కడ చెరిపేశావు. ఇంకెక్కడా కాపీ లేదు. నీ ప్రాజెక్ట్ రిపోర్ట్ పోతే మళ్లీ రాసుకోవచ్చు. మామ్మ మళ్లీ అలా కూర్చుని వడకగలదో లేదో చెప్పలేం.

కాబట్టి విండోస్ సంగతి తర్వాత. మొదటి పని ఆ వీడియోలు బయటికి తియ్యడం.

భయపడకు, అవి ఉండే అవకాశమే ఎక్కువ. నువ్వు మొదట రీసెట్ చేసినప్పుడు 'నో ఛేంజెస్ వర్ మేడ్' అని చూపించి ఆగిపోయిందన్నావు. అంటే అప్పటికి దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీ డ్రైవ్ ఎంచుకుని నెక్స్ట్ కొట్టావు, ఫార్మాట్ కొట్టలేదు. అలా ఫార్మాట్ చెయ్యకుండా పెడితే పాత విండోస్, దానితో పాటు యూజర్స్ ఫోల్డర్, 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. మధ్యలో ఆగింది కాబట్టి రెండు చోట్లా వెతకాలి: మామూలు యూజర్స్‌లో, విండోస్ డాట్ ఓల్డ్ లోపలి యూజర్స్‌లో.

ఎలా తియ్యాలంటే, హార్డ్ డిస్క్‌ని బయటికి తీసి మీ స్నేహితుడి లాప్‌టాప్‌కి తగిలించు. శ్రీకాకుళంలో కంప్యూటర్ సామాన్లు అమ్మే చోట 2.5 అంగుళాల సాటా డిస్క్‌కి యూఎస్‌బీ కేస్ అని అడిగితే ఇస్తారు. 2022లో ర్యామ్ (లాప్‌టాప్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) వేయించినప్పుడు వెనక మూత ఎలా తీశారో నువ్వు పక్కనే నిలబడి చూశావు కదా, అలాగే. చార్జర్ తీసెయ్యి. స్క్రూలు ఏ మూలవి ఆ మూల ఉండేలా కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి దాని మీద పెట్టుకో, అన్నీ ఒకే పొడవు ఉండవు. మూత రాగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యి, ఆ తర్వాతే మిగతావి ముట్టుకో.

డిస్క్ తగిలించగానే స్నేహితుడి లాప్‌టాప్ 'ఈ డిస్క్ ఫార్మాట్ చెయ్యాలి' అని అడిగితే క్యాన్సిల్ కొట్టు. 'స్కాన్ అండ్ ఫిక్స్' అన్నా వద్దను. యూజర్స్ ఫోల్డర్ తెరిచేటప్పుడు నీకు అనుమతి లేదు అంటుంది, అక్కడ కంటిన్యూ నొక్కితే తెరుచుకుంటుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) అని 48 అంకెల కీ అడిగితే నాకు ఫోన్ చెయ్యి. ఆ లాప్‌టాప్ మొదట నా అకౌంట్‌తో మొదలైంది, కీ నా అకౌంట్‌లో ఉంది, నిన్న రాత్రే చూసి పెట్టుకున్నాను. ఉత్తరంలో రాయను.

వీడియోలు రెండు చోట్ల కాపీ చెయ్యి. ఒకటి స్నేహితుడి లాప్‌టాప్‌లో, ఇంకొకటి బయటి డిస్క్‌లో. కాపీ అయ్యాక అయిదారు వీడియోలు తెరిచి చివరిదాకా చూడు. మామ్మది తప్పకుండా చూడు. అప్పుడు నాకొక మెసేజ్ పెట్టు, నేను ఊపిరి పీల్చుకుంటాను.

అదే కూర్చోవడంలో ఇంకో పని. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ డిస్క్ ఆరోగ్యం చూడు. రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అని రెండు లైన్లుంటాయి. రెండింటికీ సున్నా ఉంటే మంచిది. పెండింగ్‌లో అంకె కనిపిస్తే డిస్క్ కొన్ని చోట్ల చదవలేకపోతోందని అర్థం, అప్పుడు దానిలో ఇంక ఏ ఇన్‌స్టాల్ వద్దు, కొత్త ఎస్ఎస్‌డీకి డబ్బులు నేను పంపుతాను. అక్కడ కనిపించింది ఫోటో తీసి పంపు.

ఇప్పుడు అసలు జబ్బు సంగతి. దారం తెగితే అమ్మ ఏం చేస్తుందో మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. రాట్నాన్ని మార్చెయ్యదు. ముందు చేతిలో ఏకు, అంటే ఏకిన పత్తి చుట్ట, చూస్తుంది, నలక ఏమైనా ఉందేమో అని. తర్వాత దారం చుట్టుకునే కదురు. తర్వాత తాడు బిగువు. ఒకటి సరిచేసి నాలుగు బారలు వడికి చూసి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్తుంది. నువ్వు శుక్రవారం పెన్‌డ్రైవ్ మార్చకుండా మూడుసార్లు అదే ఇన్‌స్టాల్ తిప్పావు, ఆ షాపతను ఒకేసారి బయోస్‌లో నాలుగు మార్చాడు. ఏది మారితే ఏమైందో ఎవరికీ తెలియకుండా పోయింది. నిన్ను తప్పు పట్టడానికి కాదు, ఇక్కడ కాలేజీ కంప్యూటర్ సెంటర్లో నా దగ్గరికి వచ్చే పిల్లలందరూ ఇలాగే చేసి వస్తారు.

నువ్వు చెప్పినవాటిలో మూడు సంగతులు నేను కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఇన్‌స్టాల్ ఒకసారి 23 శాతం దగ్గర, ఒకసారి 61 దగ్గర, ఒకసారి 47 దగ్గర ఆగింది. రెండు, ప్రతిసారీ కోడ్ మాత్రం ఒకటే, 8007025డి. మూడు, డిసెంబర్‌లో రెండుసార్లు నీలం తెర వచ్చి 'మెమరీ మేనేజ్‌మెంట్' అని చూపించింది. ఈ మూడోది నువ్వు మాటల్లో మాటగా చెప్పావు, నాకు అదే ముఖ్యం అనిపించింది.

ఆ కోడ్‌కి అర్థం, చదివిన డేటా ఉండాల్సిన రూపంలో లేదు, చెడిపోయి వచ్చింది అని. విండోస్ ఫైళ్లు పెన్‌డ్రైవ్ నుంచి బయలుదేరి, ర్యామ్ మీదుగా వెళ్లి డిస్క్‌లో పడాలి. ఈ దారిలో ఎక్కడ చెడినా అదే కోడ్ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలే తప్పుగా పడి ఉంటే సాధారణంగా ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. నీకు ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది. అంటే చదవడమే నిలకడగా లేదు: పెన్‌డ్రైవ్ చిప్, లేదా యూఎస్‌బీ పోర్ట్, లేదా ర్యామ్.

పెన్‌డ్రైవ్ మీద నాకూ అనుమానం ఉంది. కాంప్లెక్స్ బయట బండి మీద 128 జీబీ 150 రూపాయలకి కొన్నానన్నావు. అంత తక్కువకి అమ్మేవాటిలో చాలా వాటికి లోపల చిప్ చిన్నది ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం 128 అని చెప్పేలా మార్చి పెడతారు. అసలు చోటు నిండాక రాసిందంతా గాలిలో కలిసిపోతుంది, కాపీ అయినట్టే కనిపిస్తుంది. కానీ పెన్‌డ్రైవ్ ఒక్కటే కారణమైతే, దాన్ని పెట్టకముందు చేసిన రీసెట్ ఎందుకు ఆగింది? డిసెంబర్‌లో నీలం తెర ఎందుకు వచ్చింది? అందుకే నా అనుమానం 2022లో వేసిన ఆ 4 జీబీ ర్యామ్ ముక్క మీద ఉంది. మిగతా 4 జీబీ బోర్డుకే అతికి ఉంది, అది తియ్యలేం, తియ్యక్కర్లేదు కూడా.

కాబట్టి వరస ఇది. ముందు మంచి షాపులో బిల్లుతో 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొను. 8 జీబీ చాలు గానీ ఈ రోజుల్లో దొరకడం కష్టం. స్నేహితుడి లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపి దానితోనే పెన్‌డ్రైవ్ తయారు చెయ్యి, ఐఎస్ఓ (విండోస్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) ఎవరి దగ్గరో తెచ్చి కాపీ పేస్ట్ చెయ్యొద్దు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ దానిలో పట్టదు, ఐఎస్ఓలోని పెద్ద ఫైల్ ఒకటి ఇప్పుడు అంతకంటే పెద్దదే. టూల్ అయితే అదంతా తనే చూసుకుంటుంది. డౌన్‌లోడ్ అయిదారు జీబీ ఉంటుంది, మొబైల్ హాట్‌స్పాట్‌తో కాకుండా స్నేహితుడి ఇంట్లో వైఫైతో చెయ్యి.

తర్వాత ఆ ర్యామ్ ముక్క తీసి పక్కన పెట్టు. రెండు వైపులా ఉన్న క్లిప్పులు బయటికి లాగితే అదే పైకి లేస్తుంది. బంగారు రంగు కాళ్లని వేలితో ముట్టుకోకు. 4 జీబీతో విండోస్ 11 నెమ్మదిగా నడుస్తుంది గానీ ఇన్‌స్టాల్ అవుతుంది, కనీసం కావలసింది అంతే. మన ప్రాసెసర్ ఎనిమిదో తరం కాబట్టి విండోస్ 11కి అర్హత ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, కాబట్టి ఎలాగూ వేస్తున్నాం కదా, 11 వేసెయ్యి.

డిస్క్ బాగుందని తేలితే తిరిగి బిగించి, బయోస్‌లో యూఈఎఫ్ఐ పెట్టి, చార్జర్ తగిలించి మొదలుపెట్టు. మన లాప్‌టాప్ బ్యాటరీ అరగంట కూడా ఆగదు, కరెంటు పోయే వేళ చూసుకో. ప్రొడక్ట్ కీ అడిగితే 'నా దగ్గర లేదు' అన్నది నొక్కి, హోమ్ ఎడిషన్ ఎంచుకో. కీ లాప్‌టాప్ బోర్డులోనే దాగి ఉంటుంది, నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. షాపతను కీ కోసం డబ్బులడిగాడన్నావు, ఇవ్వక్కర్లేదు. కస్టమ్ ఎంచుకున్నాక పాత పార్టిషన్లు, అంటే డిస్క్‌లో చేసిన భాగాలు, కనిపిస్తాయి. వీడియోలు రెండు చోట్ల ఉన్నాయని నువ్వూ నేనూ చూసుకున్న తర్వాతే ఆ పార్టిషన్లని డిలీట్ చెయ్యి. మొదటిసారి రీస్టార్ట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్ తీసెయ్యి, లేకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, పాడైపోయిందని కంగారు పడతావు.

ఆ ముక్క లేకుండా ఇన్‌స్టాల్ పూర్తయితే దొంగ దొరికినట్టే. అప్పుడు దాని కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపించు. ఒక్క తప్పు చూపించినా దాన్ని వాడొద్దు. ఆ ముక్క తీసినా అదే కోడ్ వస్తే ఇంకో యూఎస్‌బీ పోర్ట్‌లో పెట్టి చూడు, అక్కడా వస్తే ఆపేసి నాకు చెప్పు, ఆపైన ఏం చెయ్యాలో కలిసి చూద్దాం.

రేపు సోమవారం ఇక్కడ సెయింట్ బ్రిజిడ్ సెలవు, రోజంతా ఇంట్లోనే ఉంటాను. నాకు పొద్దున్న తొమ్మిదైతే నీకు మధ్యాహ్నం రెండున్నర. అప్పటికి కేస్ కొని తెచ్చుకో, డిస్క్ తీసేటప్పుడు వీడియో కాల్ పెట్టుకుందాం. స్నేహితుణ్ని కూడా ఇంటికే రమ్మను, అమ్మని ఇద్దరికీ భోజనం పెట్టమన్నానని చెప్పు. నువ్వు తిన్నావని అమ్మ చెబితేనే నేను స్క్రూ డ్రైవర్ పట్టుకోనిస్తాను.

రథసప్తమికి అరసవల్లి వెళ్లామని అమ్మ చెప్పింది గానీ ఫోటో ఒక్కటీ రాలేదు. అవి నీ ఫోన్లో ఉంటే ఇవాళే పంపు, అవి కూడా ఇంకెక్కడా లేవేమో.

ప్రేమతో,
అప్ప