మన తెలుగు సంఘం ఏడాది నివేదిక: ఓల్డ్ రాజిందర్ నగర్, ఢిల్లీ (2024–25)

సభ్యులందరికీ విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు.

కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మనం ఏం చేశామో, ఏం చేయలేకపోయామో ఇక్కడ రాస్తున్నాను. జమాఖర్చులు విడిగా జతచేశాం. కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. ప్రశ్నలుంటే అక్కడే అడగండి. అర్ధరాత్రి వాట్సాప్‌లో వద్దు.

ఈ ఏడాది పనికి మూలం ఒక కుర్రాడి ప్రశ్న. 2024 ఏప్రిల్ 9న ఉగాది పచ్చడి తిని కూర్చున్నాం. కొత్తగా సివిల్స్ కోచింగ్‌కి వచ్చిన అబ్బాయి అడిగాడు: “మా గల్లీలో గేట్ల మీద పేర్లన్నీ అరోరా, ఖురానా, సచ్‌దేవా, సింగ్. వీళ్ళంతా ఏ ఊరివాళ్ళండీ?” ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్న మాలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయాం. నెలనెలా అద్దె కడతాం, కరెంటు మీటరు రీడింగు మీద గొడవ పడతాం, కింద ఓనరు నీళ్ళ మోటారు ఎన్నింటికి వేస్తాడో నిమిషాలతో సహా చెప్పగలం. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో మాత్రం తెలీదు. సిగ్గేసింది. వీధిలో పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని వినాలని అప్పుడే తీర్మానించాం.

కొత్త సభ్యుల కోసం నాలుగు ముక్కలు. 1947లో దేశం రెండైనప్పుడు పశ్చిమ పంజాబు, వాయవ్య సరిహద్దు రాష్ట్రం, సింధు నుంచి హిందువులు, సిక్కులు ఢిల్లీకి వచ్చిపడ్డారు. 1951 జనాభా లెక్కల నాటికి ఇక్కడున్న కాందిశీకులు దాదాపు 4.95 లక్షలు. 1941లో 9.17 లక్షలున్న ఢిల్లీ జనాభా పదేళ్ళలో 17.44 లక్షలైంది. ముందు కింగ్స్‌వే లాంటి క్యాంపుల్లో డేరాలు, తర్వాత ప్రభుత్వం కట్టించిన కాలనీలు. రాజిందర్ నగర్, పటేల్ నగర్, లాజ్‌పత్ నగర్ అని నాయకుల పేర్లు పెట్టారు. ఇంకొన్నింటికి వదిలొచ్చిన ఊళ్ళ పేర్లే మిగిలాయి: గుజ్రాన్‌వాలా టౌన్, మియాంవాలీ నగర్, డేరావాల్ నగర్. మనం ఫోన్ స్క్రీన్ మార్పించుకునే గఫార్ మార్కెట్ పేరు సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ది. అక్కడ వదిలేసిన ఇంటికి, కొట్టుకు ‘క్లెయిము’ రాసిస్తే, 1954 చట్టం కింద అందులో కొంత పరిహారంగా వచ్చేది. చాలామంది దాన్ని ఇక్కడి ఇంటి ధరలో జమ చేయించుకున్నారు.

మాట గురించి ఒక మాట. కాందిశీకుడు అంటే “ఏ దిక్కుకు పోను?” అంటూ భయంతో పరుగెత్తేవాడని సంస్కృత వ్యుత్పత్తి. నాకు తెలిసి ఇంత నిజమైన మాట ఇంకో భాషలో లేదు. వీళ్ళకు మాత్రం శరణార్థి అనిపించుకోవడం నచ్చలేదు. పురుషార్థి అనమన్నారు.

వేసవిలో ఆదివారం సాయంత్రాలు ఇద్దరిద్దరం పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాం. ఎండలు మండిపోయాయి, జూన్ 16న ప్రిలిమ్స్ ఉంది, కుర్రాళ్ళు రాలేదు. వాళ్ళ తప్పేం లేదు. వెళ్ళిందంతా మా వయసువాళ్ళమే.

ముల్తాన్‌లో పుట్టిన ఒక పెద్దావిడను వీధంతా బీజీ అంటుంది. మేం వెళ్ళేసరికి ఆవిడ చెల్లెలితో ఫోన్లో ఉంది. మాట్లాడేది హిందీ కాదు, మనం వినే పంజాబీ కూడా కాదు. మధ్యమధ్యలో “మేకూఁ... తేకూఁ...” అని వినపడుతోంది. పక్కనున్న మా ఉపాధ్యక్షులు ఉలిక్కిపడి “నాకు, నీకు అంటోందా ఏంటి?” అన్నారు. అడిగితే అదే అర్థం! మన ‘కు’ అక్కడికెలా పోయిందో, అసలు పోయిందో లేదో పండితులు తేల్చాలి, మేం మాత్రం ఆ సాయంత్రమంతా నవ్వుకున్నాం. బీజీ మనవళ్ళకు ఆ భాష రాదు. ఫోను పెట్టేశాక ఆవిడే అంది: ఈ ఇంట్లో ఇప్పుడు దీన్ని మాట్లాడ్డానికి ఫోను ఒక్కటే ఉందని. ఆదివారం తెలుగు తరగతి గురించి నేను చెప్పాల్సింది కూడా ఇంచుమించు ఇదే. ఏప్రిల్‌లో గది నిండా పిల్లలు, జనవరికి నలుగురు.

ఇంకో వీధిలో దార్‌జీ అని పిలిచే సిక్కు పెద్దాయన. ఆయనది రావల్పిండి వైపు. 1947 గురించి గంటసేపు చెప్పారు: రైలు, అమ్మ తలమీద ట్రంకుపెట్టె, మొదట్లో వీధికంతటికీ ఒకే తందూరు, ఆడవాళ్ళు పిండి ముద్దలు కలిపి పళ్ళెంలో తెచ్చుకుని వరసలో నిలబడటం. 1984 నవంబర్ అల్లర్ల సంగతి అడిగితే “పక్కింటివాళ్ళు దాచారు” అన్నారు. ఆ రోజుల్లో ఢిల్లీలో చనిపోయిన సిక్కులు అధికారిక లెక్క ప్రకారమే 2,733 మంది. మేం ఫోన్లో రికార్డింగు ఆపేశాం. ఆయన టీ తెప్పించారు. అంతకు మించి అడగబుద్ధి కాలేదు.

మనం ఊరికి దూరంగా ఉన్నామని తెగ బెంగపడతాం. మనకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉంది. రిజర్వేషన్ దొరక్కపోతే తత్కాల్ ఉంది. బీజీకి ముల్తాన్ వెళ్ళే రైలు లేదు.

ఇక్కడి గంగారామ్ ఆసుపత్రి గురించి కూడా అప్పుడే తెలిసింది. ఇంజనీరు సర్ గంగారామ్ 1921లో లాహోర్‌లో పెట్టిన ఆసుపత్రి పేరు అది. ఆ ఊళ్ళో అది ఇప్పటికీ అదే పేరుతో నడుస్తోంది. విభజన తర్వాత అదే పేరుతో ఇక్కడ 1951లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1954లో మొదలైంది. మన సభ్యుల పిల్లలు కొందరు అక్కడే పుట్టారు, జనన ధృవీకరణ పత్రం మీద పేరు చూసి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక జులై. రాయకుండా ఉండలేను. 27వ తేదీ సాయంత్రం వానకు రోడ్డు మీది నీళ్ళు ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి దూసుకెళ్ళి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ రాత్రి ఊళ్ళ నుంచి ఫోన్లు ఆగలేదు. మనవాళ్ళ గదుల జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి టిక్కు పెట్టుకుంటూ పోయాం. ఒకమ్మాయి ఫోను తెల్లారే దాకా ఎత్తలేదు, ఛార్జింగ్ అయిపోయి నిద్రపోయిందట. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఒక్కో కుటుంబానికని కట్టిన చిన్న ప్లాట్ల మీద ఇప్పుడు నాలుగేసి అంతస్తులు, కింద బేస్‌మెంట్లు. పైన ఎన్ని కడుతున్నామో చూసుకున్నాంగానీ కింద కాలువ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందులో అద్దె ఆశపడ్డవాళ్ళున్నారు, చూసీ చూడనట్టు సంతకాలు పెట్టినవాళ్ళున్నారు, తక్కువకొస్తోందని చేరిన మనమూ ఉన్నాం. తర్వాత బేస్‌మెంట్లకు సీళ్ళు వేశారు, మెయిన్స్ ముందు పిల్లలకు చదువుకునే చోటు పోయింది. మన అద్దె హాలు రాత్రి పదకొండు దాకా తెరిచాం. బీజీ తన ముందుగదిలో సోఫా పక్కకు జరిపించి ఆరుగురిని కూర్చోబెట్టుకున్నారు. టీవీ కూడా కట్టేశారు, ఆ సీరియళ్ళ మనిషి!

నవంబర్ 15న గురునానక్ జయంతి. ఆ రోజు గురుద్వారా లంగర్‌లో, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనంలో, మన తరఫున పులిహోర చేస్తామని అడిగాం. తెచ్చిపెట్టడం కాదు, ఇక్కడే వండండి అన్నారు. చింతపండు ముందురోజే నానబెట్టి, తలలకు గుడ్డలు కట్టుకుని, తెల్లవారుజామునే వెళ్ళాం. అక్కడ అర్దాస్ (ప్రార్థన) అయ్యేదాకా ఎవరూ రుచి చూడరు. మన నైవేద్యం పద్ధతేగా, అలవాటే అనుకున్నాం. ఇంట్లో నాలుగు సోలల అన్నానికి ఉప్పు వేసే చెయ్యి వేరు, ఆ గంగాళానికి వేసే చెయ్యి వేరని వడ్డించాక తెలిసింది. ఉప్పు చాలలేదు. పంగత్‌లో (భోజనాల బంతిలో) కూర్చున్నవాళ్ళు ఏమీ అనలేదు. ఒక సర్దార్‌జీ మాత్రం మూడోసారి అడిగి మరీ వేయించుకున్నారు, పక్కన ఆవకాయ పెట్టుకుని. ఆ సీసా ఆయన చేతికి ఎలా చేరిందో విచారణ సాగుతోంది.

డిసెంబర్ 26న మన్మోహన్ సింగ్ గారు పోయారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ అనే పల్లెలో పుట్టి విభజనలో ఇటు వచ్చిన మనిషి కనుక సంతాప సభ పెట్టాం. పది నిమిషాలు బాగానే సాగింది. తర్వాత ఎవరో 2014 ఫిబ్రవరి రాజ్యసభ, ప్రత్యేక హోదా ఎత్తారు. ఇక చూడాలి. మౌనం పాటించే కార్యక్రమం చివర్లో పెట్టుకోవడం మా పొరపాటు.

సంక్రాంతికి మాత్రం అన్నీ కలిసొచ్చాయి. ఈసారి లోహ్రీ, భోగి రెండూ జనవరి 13నే. కాలుష్యం గొడవల్లో రెండు మంటలెందుకని కాలనీవాళ్ళ చిన్న మంటలోనే మనమూ చేరాం. వాళ్ళు రేవడీలు (నువ్వుల బిళ్ళలు), పల్లీలు, పేలాలు వేస్తుంటే మన పిల్లలు భోగిపిడకల దండలు పట్టుకొచ్చారు. బీజీ ఒక దండ చేతిలోకి తీసుకుని “పాథీ (పిడక)! ఇంత చిన్నవా!” అని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు, ఇంకోటి అడిగి తీసుకున్నారు. సాయంత్రం భోగిపళ్ళు పోసేటప్పుడు రేగుపళ్ళలో చిల్లర కూడా పడుతుందని తెలిసి అరోరాల పిల్లలు, సింగుల పిల్లలు వరసకట్టారు. పటకా (సిక్కు పిల్లల తలగుడ్డ) కట్టిన బుడ్డోడి తలమీద పోసిన రేగుపళ్ళు జారి చొక్కాలోకి పోతే వాడు గెంతిన గెంతులు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి.

మిగిలినవి క్లుప్తంగా. అద్దె ఒప్పందం చదివి చెప్పే సాయం నడుస్తోంది, బ్రోకరు చెప్పిందల్లా నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. గ్రంథాలయం పుస్తకాలు చాలా తిరిగి రాలేదు. కార్తిక వనభోజనాలు పొగ వల్ల రద్దయ్యాయి. పెద్దల మాటలు రాసుకున్న నోటు పుస్తకం నా దగ్గరుంది. తెలుగులోకి శుద్ధప్రతి రాయడానికి ఇద్దరు కావాలి, దస్తూరి బాగుండాలి.

గురుద్వారా నుంచి అడిగి తెచ్చుకున్న రెండు పెద్ద గరిటెల్లో ఒకటే వెనక్కి వెళ్ళింది. రెండోది ఎవరింట్లో ఉందో వాళ్ళకు తెలుసు. వైశాఖికి ముందే ఇచ్చేయండి.

ఇట్లు,
కార్యదర్శి