కబంధుడికి తల పెట్టకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో వేసిన రాక్షసుల బొమ్మలు చూశాను. గ్రీకుల మెడూసా బాగా కుదిరింది. జుట్టు బదులు ఉన్న పాముల్లో ఏ రెండూ ఒకే పక్కకి చూడటం లేదు. దాని కిందే మన రామాయణంలోని కబంధుడు. కొమ్ములు, కోరలు, బుంగమీసాలతో ఇంత తలకాయ! ఇక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా కోనసీమలో గుళ్ల గోడల మీద బొమ్మలు వేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి పని తగ్గింది గానీ కన్ను ఇంకా తప్పు పడుతూనే ఉంది.

కబంధుడికి తల ఉండదండి. ఇంద్రుడు వజ్రంతో కొట్టిన దెబ్బకి తలా తొడలూ మొండెంలోకి దిగిపోయాయి. మరి నేను తినేదెలా అని మొత్తుకుంటే, ఆ ఇంద్రుడే కడుపులో నోరు పెట్టి, యోజనం పొడవు చేతులిచ్చాడు. రొమ్ము మీద ఒకటే కన్ను. కూర్చున్నచోట నుంచే చెయ్యి చాచి, అందినదాన్ని లాక్కుని తింటాడు. అందుకే రాముడు కుడిచెయ్యి, లక్ష్మణుడు ఎడమచెయ్యి నరికారు. తల ఉంటే తలే నరికేవారు కదా!

గోదావరి మధ్య ఓ లంక ఊళ్లో రామాలయం గోడ మీద ఇతన్ని వేస్తున్నప్పుడు, మోచేతి దాకా వచ్చేసరికి గోడ అయిపోయింది. కుర్చీ వేసుకుని చూస్తున్న పూజారి గారు, "మూల తిప్పవయ్యా, ఆ పక్క గోడ ఖాళీగానే ఉందిగా" అన్నారు. తిప్పాను. వేళ్లు వెళ్లి వంటగది తలుపు దగ్గర తేలాయి. బడి వదిలాక పిల్లలు ఆ అరచేతికి వీపు ఆనించి నిలబడి, ఒక్క కేక పెట్టి పారిపోయేవారు.

రక్తవిలోచనుడికి కూడా అవే కొమ్ములు తగిలించారు. వాడు హిరణ్యాక్షుడి కొడుకు. తన నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టాలని శివుణ్ణి వరమడిగాడని అంతర్వేది స్థలపురాణం. యుద్ధంలో ఆ నెత్తురు నేలకి తగలకుండా అశ్వరూఢాంబిక అమ్మవారు నాలుక పరిచింది. మేం గుర్రాలక్క అంటాం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఆ ఇసుకలో ఒకసారి నిలబడండి, వాడెంత గడుసువాడో తెలుస్తుంది. మీ పేజీలోనే గ్రీకుల పాము రాక్షసి హైడ్రా కూడా ఉంది. ఒక తల నరికితే రెండు మొలుస్తాయి, మెడ కాల్చితే గానీ ఆగదు. అక్కడ కాగడా, ఇక్కడ నాలుక. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన వేసి ఉంటే ఎంత బాగుండేది! (మా కాలువలో గుర్రపుడెక్కకీ ఎవరో ఇదే వరమిచ్చారు. తెగిన ముక్క కూడా మొక్కవుతుంది. గుర్రాలక్క కాస్త ఇటు కూడా నాలుక చాపితే బాగుండును.)

బొమ్మ వేసిన కుర్రాణ్ణి నేనేమీ అనను. ఫోన్‌లో రాక్షసుడు అని కొడితే కొమ్ములే వస్తున్నాయని మా మనవడు చూపించాడు. కానీ వేసేముందు కథ ఒకసారి చదవమనండి.

కబంధుణ్ణి డ్రాయింగ్ షీట్ మీద వేసి ఈ కవర్లో పెట్టాను. వచ్చే ఆదివారం వేస్తే సంతోషం. చేతులు మాత్రం కుదించొద్దు. చోటు చాలకపోతే పక్క పేజీలోకి తిప్పండి.

ఇట్లు,
గోడల మీద బొమ్మలు వేసే ఆర్టిస్టు,
రాజోలు