ఇంట్లో చదివే పిల్లల పేరు ఏ రిజిస్టర్లో ఉంది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివిస్తున్న పిల్లలున్నారు. తెలుగు మాధ్యమం బడి అందుబాటులో లేక కొందరు, ఒడియా బడిలో ఇమడలేక కొందరు, ఆడపిల్లను అంత దూరం పంపడం ఇష్టంలేక ఇంకొందరు మాన్పిస్తారు. వీళ్ళలో శ్రద్ధగా చదివించేవాళ్ళు ఉన్నారు. ‘ఇంట్లో చదువుతోందిలెండి’ అన్న మాట చాటున పనికో పెళ్ళికో సిద్ధం చేసేవాళ్ళూ ఉన్నారు. వీధిలోంచి చూస్తే రెండిళ్ళూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ తేడా కనిపెట్టాల్సింది పంచాయతీ, మునిసిపాలిటీ.

2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ప్రకారం తన పరిధిలోని 14 ఏళ్ళ లోపు పిల్లలందరి రికార్డు స్థానిక సంస్థే రాసి ఉంచాలి. బడిలో చేరారా, రోజూ వస్తున్నారా అన్నదీ అదే చూడాలి. చేర్పించే బాధ్యత తల్లిదండ్రులదని 10వ సెక్షన్ అంటుంది కానీ, చేర్పించకపోతే శిక్ష ఏమిటో రాయలేదు. ఇంటి చదువును చట్టం నేరుగా ఒప్పుకున్నది ఒక్కచోటే: బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల విషయంలో, 2012 సవరణతో. మిగతావాళ్ళు ‘టెన్త్ ఎన్‌ఐఓఎస్‌లో కట్టిస్తాం’ అంటారు. బడికి వెళ్ళకుండానే పరీక్ష రాయించే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ అది. మంచిదే, కానీ దానికి 14 ఏళ్ళు నిండాలి. ఆ లోపు ఏళ్ళ గురించే మా బెంగ.

పేరు జారిపోయేది టీసీ దగ్గర. ‘ఆంధ్రా వెళ్ళిపోతున్నాం’ అని గుణుపురంలో టీసీ తీసుకుంటారు, పార్వతీపురంలో చేర్చరు. ఇక్కడ పేరు కొట్టేశారు, అక్కడ పేరు ఎక్కనే లేదు. నిజానికి దేశంలోని బడుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ప్రతి విద్యార్థికీ ‘పెన్’ అనే 11 అంకెల శాశ్వత విద్యా సంఖ్య ఉంది. బడి వదిలిన పిల్ల పేరు అందులోనే డ్రాప్‌బాక్స్ అనే జాబితాలో పడుతుంది, కొత్త బడివాళ్ళు తీసుకునేదాకా అక్కడే ఉంటుంది. నెల దాటినా అందులోనే ఉండిపోయిన పేర్లను హెడ్మాస్టరు పంచాయతీకీ బీఈఓకీ (బ్లాకు విద్యాధికారికీ) రాసిస్తే వెతకడం మొదలుపెట్టవచ్చు. అంతేగానీ టీసీ ఆపకూడదు. చట్టం ఒప్పుకోదు, పైగా ఆపితే జనం చెప్పకుండానే వెళ్ళిపోతారు.

చిరునామా కూడా తాజాగా ఉండాలి. ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో 2023 ఆగస్టులో తండ్రి, సవతి తల్లి చేతుల్లో చనిపోయిన పదేళ్ళ పిల్లను అంతకు కొన్ని నెలల ముందే ఇంటి చదువు పేరుతో బడి మాన్పించారు. పిల్లను చూద్దామని వెళ్ళిన స్థానిక సంస్థ సిబ్బంది పాత ఇంటికి వెళ్ళారు. అంత వ్యవస్థ ఉన్న చోటే ఇలా జరిగితే, అద్దె ఇళ్ళు మారుతూ రెండు రాష్ట్రాల మధ్య తిరిగే మన కుటుంబాల మాట చెప్పక్కర్లేదు.

దీనికి కొత్త ఉద్యోగాలేమీ అక్కర్లేదు. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు. బడికి వెళ్ళని పిల్లలకు అది అంగన్‌వాడీలోనే ఇవ్వాలి. 400 మి.గ్రా. ఆల్బెండజోల్, ఎదుటే నమిలించాలి తప్ప ఇంటికిచ్చి పంపకూడదు. అంటే పిల్ల మనిషి రావాలి. ఆ రోజు పంచాయతీ రిజిస్టరు పక్కన పెట్టుకుని, ‘ఇంట్లో చదువు’ అని రాసిన ప్రతి పేరుకూ పిల్లను కళ్ళారా చూసి టిక్కు పెట్టాలి. ఆ రోజు రానివాళ్ళ కోసం వారం తర్వాత మళ్ళీ ఒక రోజు ఉంటుంది. అప్పుడూ రాకపోతే ఇంటికి వెళ్ళాలి.

వెళ్ళేవాళ్ళలో ఒక్కరికైనా తెలుగు రావాలి, ఒక స్త్రీ ఉండాలి. ఒడియా మాత్రమే వచ్చిన ఉద్యోగి అడిగితే తండ్రి తర్జుమా చేస్తాడు, జవాబూ ఆయనే చెప్తాడు. అలాంటి విచారణ జరిగినా జరగనట్టే. పిల్లతో కాసేపు విడిగా, తలుపు తీసే ఉంచి మాట్లాడాలి. నోటు పుస్తకం అడగండి. నిజంగా చదివే పిల్ల పుస్తకంలో కొట్టివేతలుంటాయి, తేదీలు మారతాయి, పెన్సిలూ పెన్నూ కలిసిపోతాయి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే సిరా, ఒకే ఒరవడి ఉంటే అది మీరు వస్తున్నారని తెలిసి రాయించింది కావచ్చు. అలా ఉన్నంత మాత్రాన దోషం రుజువైనట్టు కాదు, నెలలోపు చెప్పకుండా మళ్ళీ వెళ్ళాలంతే.

కొట్లో కూర్చున్న పిల్లాణ్ణి చూపి ‘ఇంటి పనేగా’ అంటారు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం కుటుంబ వ్యాపారంలో సాయం చేయనిచ్చేది బడి వేళలయ్యాక, సెలవుల్లో మాత్రమే. బడే లేని పిల్లాడికి బడి వేళలు ఏవి? అందుకే ఇంటి చదువుకు ఏయే వేళలు కేటాయిస్తారో తల్లిదండ్రులతో రాయించి సంతకం తీసుకోవాలి.

దెబ్బలో, లైంగిక వేధింపో జరిగినట్టు అనుమానం వస్తే సర్పంచ్ ఇంట్లో పంచాయితీ పెట్టొద్దు, పిల్లను పదేపదే అడగొద్దు. పిల్ల చెప్పిన మాట చెప్పినట్టే రాసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. లైంగిక నేరమైతే పోలీసులకు చెప్పకపోవడమే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరం.

ఈ జాబితాను గోడకు అంటించమని మాత్రం మేము అనం. ఫిబ్రవరిలో ఊరివాళ్ళంతా కూడే పల్లీసభలో ఎంతమంది ఇంట్లో చదువుతున్నారు, వాళ్ళలో ఎందరిని చూశారు అన్న రెండు అంకెలు చదివితే సరిపోతుంది. పేర్లు వద్దు.

– కొందరు విశ్రాంత ఉపాధ్యాయులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా