పాత ప్లేనర్‌కు రంగు కంటే ముందు కట్టర్ బ్లాక్ చూడాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

వారసత్వంగా వచ్చిన పాత వడ్రంగి యంత్రాలను బాగుచేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. శాండ్‌బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు రాల్చడం) చేయించి, బేరింగులు మార్చి, 2880 ఆర్‌పీఎం (నిమిషానికి 2880 చుట్లు తిరిగే) కొత్త మోటారు బిగించి, రంగు వేస్తే చెక్కను చిత్రిక పట్టే తాతల నాటి ప్లేనర్ కొత్తదైపోతుందని రాశారు. ఫొటోలు బాగున్నాయి. కానీ ఆ వరసలో తయారైన యంత్రం ముందు చెక్క పట్టుకుని నిలబడమంటే మాత్రం మేం నిలబడం.

ప్లేనర్ చేతికి రాగానే చూడాల్సింది తుప్పు కాదు, కట్టర్ బ్లాక్ ఆకారం. బెల్టు తీసేసి చేత్తో తిప్పి చూడండి. కత్తులు బిగించిన దిమ్మ గుండ్రంగా ఉంటే సరే. నాలుగు పలకలుగా ఉంటే, చేత్తో చెక్క నెట్టే పనికి ఆ యంత్రం పనికిరాదు. చదునైన పలక పైకి వచ్చిన ప్రతిసారీ బల్ల అంచుకూ దిమ్మకూ మధ్య పెద్ద సందు తెరుచుకుంటుంది. వేలు జారితే దాన్ని ఆ సందులోకి లాగేసుకుంటుంది. గుండ్రటి దిమ్మలో సందు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కత్తి అంచు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మేరే బయటికి ఉంటుంది. అందుకే చేత్తో నెట్టే ప్లేనర్లకు గుండ్రటి దిమ్మే ఉండాలని బ్రిటన్ 1922లోనే నిబంధన పెట్టింది. నలుపలకల దిమ్మ ఉన్నవాళ్లకు రెండే దారులు: అదే షాఫ్ట్ కొలతలకు గుండ్రటి దిమ్మ చేయించి అమర్చుకోవడం, లేదా యంత్రాన్ని తుడిచి జ్ఞాపకంగా ఉంచుకోవడం.

వ్యాసంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది మోటారు సలహా. కట్టర్ వేగం తెలియాలంటే మోటారు ఆర్‌పీఎంను మోటారు పుల్లీ వ్యాసంతో గుణించి, కట్టర్ పుల్లీ వ్యాసంతో భాగించాలి. 1440 మోటారు, దానికి 150 మిల్లీమీటర్ల పుల్లీ, కట్టర్‌కు 60 మిల్లీమీటర్ల పుల్లీ ఉన్నాయనుకుందాం. కట్టర్ 3600 తిరుగుతుంది. పుల్లీలు అలాగే ఉంచి 2880 మోటారు పెడితే అది 7200 అవుతుంది. వేగం రెండింతలైతే కత్తిని బయటికి విసిరే బలం నాలుగింతలవుతుంది. ఆ భారమంతా మోయాల్సింది ఎన్నో ఏళ్లుగా బిగిస్తూ విప్పుతూ మరలు అరిగిన పాత బోల్టులు. 2880 మోటారే పెట్టాలనుకుంటే దాని పుల్లీ 75 మిల్లీమీటర్లకు తగ్గించాలి. చిన్న పుల్లీ మీద బెల్టు పట్టు తగ్గుతుంది కాబట్టి 1440 మోటారు వెతుక్కోవడమే మేలని మా అభిప్రాయం. 60 హెర్ట్జ్ కరెంటు కోసం చేసిన యంత్రమైతే 50 హెర్ట్జ్‌లో మోటారు వేగం ఆరో వంతు తగ్గుతుంది. దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

చదును బెల్టుతో నడిచే యంత్రమైతే పుల్లీ మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అరిగి అలా అయిందనుకుని లేత్ మీద చదును చేయించేవాళ్లున్నారు. ఆ ఉబ్బే బెల్టును మధ్యలో నిలిపేది. అది పోతే బెల్టు నిమిషం కూడా నిలవదు, పక్కకు జారిపోతుంది.

ఇక బేరింగులు మార్చేయమన్న మాట. పాత యంత్రాల్లో చాలావాటికి మార్చడానికి బేరింగులే ఉండవు. షాఫ్ట్ మీద మూతలా ఉండే టోపీ బోల్టులు విప్పి పైకెత్తితే వెండిలా మెరిసే మెత్తని లోహం కనిపిస్తే అది వైట్‌మెటల్ పోత, అంటే బాబిట్. తగరంలో కాస్త ఆంటిమనీ, రాగి కలిపిన ఈ లోహం సరైన నూనె అందితే ఒక తరం దాటి పనిచేస్తుంది. దాన్ని పీకేసే ముందు షాఫ్ట్ ఎంత వదులుగా ఉందో, అంటే ఆట ఎంతో కొలవండి. షాఫ్ట్ మీద డయల్ గేజ్ ఆనించి, కింద నుంచి కర్రతో ఎత్తితే ముల్లు ఎంత కదులుతుందో చూడాలి. షాఫ్ట్ వ్యాసంలో అంగుళానికి వెయ్యో వంతు అంగుళం, ఇంకాస్త ఎక్కువ ఆట ఉండటం సబబే. 38 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు 0.04 నుంచి 0.06 మిల్లీమీటర్లు అనుకోండి. అంతకు మించితే టోపీ కింద పేర్చిన షిమ్ములు, అంటే పల్చటి రేకు ముక్కలు, రెండు వైపులా సమానంగా తీస్తూ సర్దుకోవచ్చు. ఒక్క వైపే తీస్తే టోపీ ఒరిగి షాఫ్ట్‌ను ఓ పక్కన నొక్కుతుంది, అరగంటలో కాలిపోతుంది.

పోత పగిలినా, ఇనుము నుంచి ఊడి కదులుతున్నా మాత్రం మళ్లీ పోయక తప్పదు. షాఫ్ట్‌కు దీపం మసి పట్టించాలి, లేకపోతే లోహం దానికి అంటుకుంటుంది. సందులు మట్టితో మూయాలి. బేరింగు కూర్చునే పోత ఇనుప గూటిని ముందే వేడిచేయాలి. దానివల్ల లోహం అంచుల దాకా పారుతుంది, గూట్లో దాగిన తేమా ఆరిపోతుంది. ఈ రెండోది ప్రాణం మీదకు తెచ్చే సంగతి. ఒక్క చుక్క నీరున్నా ఆవిరై కరిగిన లోహాన్ని ముఖం మీదకు చిమ్ముతుంది. వేడి సరిపోయిందో లేదో పైన్ పుల్ల ముంచితే తెలుస్తుంది. పుల్ల గోధుమ రంగుకు మాడాలి, మంట అంటుకోకూడదు. పోసేటప్పుడు ధార తెగకూడదు. ఆగి పోస్తే పొరలుగా గడ్డకట్టి అక్కడే పగులుతుంది. ఈ బేరింగుకు నూనే పోయాలి. గ్రీజు కుక్కితే నూనె పారే గాడులు మూసుకుపోతాయి.

బాల్ బేరింగులే ఉంటే వలయం మీది నంబరు చదవండి. చివరి రెండంకెలు 04, ఆ పైన ఉంటే వాటిని ఐదుతో గుణిస్తే షాఫ్ట్ రంధ్రం వ్యాసం వస్తుంది. 6205 అంటే 25 మిల్లీమీటర్లు. కానీ పాత యంత్రాల షాఫ్ట్ అంగుళం కొలత కావచ్చు, అంటే 25.4. అలాంటప్పుడు అంగుళాల బేరింగు తెప్పించుకోవాలి తప్ప షాఫ్ట్‌ను ఆకురాయితో అరగదీయకూడదు. షాఫ్ట్ మీదకు ఎక్కించేటప్పుడు లోపలి వలయాన్నే నొక్కాలి, గూట్లోకి దించేటప్పుడు బయటి వలయాన్నే. తారుమారైతే బలమంతా గుండ్ల మీద పడి దారుల్లో గుంటలు పడతాయి. కొత్త బేరింగు మొదటి రోజే గరగరమంటుంది.

నట్లదీ ఇదే కథ. బ్రిటిష్ యంత్రమైతే విట్‌వర్త్ మరలు, కోణం 55 డిగ్రీలు. అమెరికన్, మెట్రిక్ మరలకు 60. 3/8 అంగుళంలో విట్‌వర్త్‌కూ అమెరికన్ మరకూ అంగుళానికి 16 చుట్లే కాబట్టి ఒకదాని నట్టు మరోదానికి ఎక్కి మనల్ని మోసం చేస్తుంది. అర అంగుళంలో 12కు 13 వచ్చి రెండు చుట్లలోనే పట్టేస్తుంది. అక్కడ బలం చూపిస్తే మరలు తెగుతాయి. రంపం బ్లేడ్ నట్లు చాలావాటికి ఎడమ మర ఉంటుంది. ఎటు విప్పాలో తేలకపోతే బ్లేడ్ తిరిగే దిశలోనే తిప్పండి. పట్టేసిన నట్టును సుత్తితో బాదవద్దు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. నట్టును వేడిచేసి, చల్లారుతుండగా చొరబడే నూనె వేసి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు కదులుతాయి.

శాండ్‌బ్లాస్టింగ్ జోలికి అసలు పోవద్దు. ఇసుక నూనె రంధ్రాల్లో దూరి ఇక బయటికి రాదు, మెరుగు పట్టిన బల్లను గరుకు చేస్తుంది, సీసం ఉన్న పాత రంగును గాల్లోకి లేపుతుంది. చిన్న భాగాల తుప్పుకు కరెంటు పారించే చాకలి సోడా నీళ్ల తొట్టి చాలు. పది లీటర్ల నీటికి రెండు మూడు పెద్ద చెంచాల సోడా, 12 వోల్టుల డీసీ. మైనస్ తీగ తుప్పు భాగానికి, ప్లస్ తీగ పనికిరాని మామూలు ఇనుప రేకుకు. స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు పెడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది, పెట్టకూడదు. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. మామూలుగానే హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తొట్టి ఆరుబయటే ఉండాలి. స్ప్రింగులూ కత్తులూ అందులో వేయకూడదు, హైడ్రోజన్ చేరి పెళుసుబారతాయి. అల్యూమినియం భాగాలు సోడాకు తినుకుపోతాయి. బయటికి తీశాక కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె రాయకపోతే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. పెద్ద బల్లకు కిరసనాయిలు, నున్నటి గీకుడు బ్లేడు, 320 నంబరు కాగితం చాలు. బెల్ట్ శాండర్ పెడితే మధ్యలో గుంట పడుతుంది.

కట్టర్‌కు ముందూ వెనకా ఉండే రెండు బల్లలూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే జోడించిన పలకల మధ్య సందు వస్తుంది. మిల్లింగుకు పంపే ముందు గిబ్ స్క్రూలు (బల్ల జారే చోట వదులు తీసే మరలు) సర్ది చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఆ తర్వాత కత్తులు తూకం వేయండి, గ్రాము తేడా ఉన్నా బ్లాక్ వణుకుతుంది. కత్తి అంచు, చిత్రిక పట్టాక చెక్క చేరే వెనక బల్ల మట్టానికి సరిగ్గా ఉండాలి. వెనక బల్ల మీద సూటైన పుల్ల పెట్టి బ్లాక్‌ను చేత్తో తిప్పితే కత్తి దాన్ని ముందు బల్ల వైపు సుమారు 3 మిల్లీమీటర్లు లాక్కెళ్లాలి. రెండు కొసల్లోనూ అంతే రావాలి. వెనక బల్ల దిగువన ఉంటే పలక చివర గుంట పడుతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రాన్ని దానంతట అదే తిరగనివ్వని స్విచ్చు, కట్టర్ మీద గార్డు లేకుండా మోటారుకు తీగ కలపవద్దు. మొదటిసారి నడిపేటప్పుడు కట్టర్ తిరిగే వరసలో కాకుండా పక్కన నిలబడాలి. పది నిమిషాలయ్యాక ఆపి, ప్లగ్గు పీకి, కత్తుల బోల్టులన్నీ మళ్లీ బిగించాలి.

మీ వ్యాసం చదివి పనిలోకి దిగినవాళ్లు ఉండే ఉంటారు. మిగతా సంగతులకు చోటు లేకపోయినా, 2880 మోటారు గురించిన సవరణ మాత్రం వచ్చే ఆదివారమే వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
వడ్రంగి యంత్రాలు మరమ్మతు చేసే కొందరు పాఠకులు